పెంచిన మకావే ఎముక దాకా కరిచింది, ఇప్పుడు దగ్గరికి వెళ్ళాలంటే చెయ్యి వణుకుతోంది. ఏం చెయ్యాలి?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఐదేళ్ల బ్లూ అండ్ గోల్డ్ మకావ్, అంటే నీలం, పసుపు రంగుల పెద్ద చిలక. పిల్లగా ఉన్నప్పుడు తెచ్చుకుని, సిరంజితో తినిపించి మీరే పెంచారు. రెక్కలు కత్తిరించి ఉన్నాయి. ఆరు రోజుల క్రితం సాయంత్రం, రోజూ ఆడుకున్నట్టే సోఫా కింద ఆడుకుంటుంటే పంజరంలో పెడదామని చెయ్యి చాపారు. బొటనవేలు పట్టుకుని వదల్లేదు, ఎముక దాకా దిగింది. "ఏ కారణం లేకుండా కరిచింది" అని రాశారు. మీ అత్తగారు ఎవరికైనా ఇచ్చేయమంటున్నారు, ఇంట్లో ఏడేళ్ల బాబు ఉన్నాడు. మీవారితో మాత్రం అది ఇప్పటికీ ప్రేమగానే ఉంటోంది. ఇది మారుతుందా, నేనేం తప్పు చేశాను అన్నది మీ ప్రశ్న.

సూటిగా చెప్తాను. చాలావరకు మారుతుంది. పెద్ద చిలక ఉన్న ఇంట్లో ఇక ఒక్క కాటు కూడా పడదని నేను మాటివ్వలేను గానీ, ఎముక దాకా దిగే కాటు మళ్ళీ పడకుండా చూసుకోవచ్చు. ఇచ్చెయ్యాలా వద్దా అన్నది ఈ నెలలో తేల్చకండి. అన్నిటికంటే ముందు మీ వేలి సంగతి చూడాలి.

నేను డాక్టర్ని కాదు. పద్నాలుగేళ్లుగా ఒక మకావ్, రెండు ఆఫ్రికన్ గ్రే చిలకలతో హైదరాబాద్‌లో ఉంటున్నాను. మీలాంటి ఇబ్బంది వచ్చినవాళ్ళు అడిగితే వాళ్ళింటికి వెళ్ళి పక్షిని చూసి నాకు తెలిసింది చెప్తుంటాను. నేనూ రెండుసార్లు గట్టి కాటు తిన్నాను.

వేలు ఇప్పుడు ఎలా ఉంది? ఆరో రోజుకి వాపు తగ్గుముఖం పట్టాలి. తగ్గకపోగా పెరుగుతున్నా, ఎరుపు చారలా మణికట్టు వైపు పాకుతున్నా, చీము పట్టినా, జ్వరం వచ్చినా, వేలు మడవలేకపోతున్నా, ఎవరైనా మెల్లగా చాపబోతే ప్రాణం పోయినంత నొప్పి వచ్చినా మిగతాది తర్వాత చదువుకోండి, ఇవ్వాళే ఆసుపత్రికి వెళ్ళండి. వేలి దగ్గర చర్మం పల్చన, దాని కిందే కీళ్ళు, నరాలు ఉంటాయి. మకావ్ పైముక్కు మేకులా లోపలికి దిగుతుంది. పైన చర్మం త్వరగా మూసుకుపోతుంది, లోపల మాత్రం చీము పడుతుంది. పైకి చిన్న గాటే కదా అనుకుని వదిలేసినవాళ్ళే ఎక్కువ బాధపడటం చూశాను. షుగర్ ఉన్నవాళ్ళయితే ఒక్క రోజు కూడా ఆగకూడదు.

ఎక్స్‌రే తీయకపోయి ఉంటే అడిగి తీయించుకోండి, వేలి ఎముక చిట్లి ఉండొచ్చు. టెటనస్ ఇంజెక్షన్ చేయించుకుని ఐదేళ్లు దాటితే, ఎప్పుడు చేయించుకున్నారో గుర్తులేకపోయినా, ఆ మాట డాక్టరుతో చెప్పండి. రేబిస్ సూదులు అక్కర్లేదు, అది పాలిచ్చే జంతువుల నుంచి వచ్చే జబ్బు, పక్షి కాటుతో రాదు. యాంటీబయాటిక్ కావాలో వద్దో, ఏది కావాలో డాక్టరే చెప్పాలి. ఇంట్లో మిగిలిన మాత్రలు వేసుకోకండి. చేతి మీద కాటు గాయానికి చాలాసార్లు కుట్లు వెయ్యకుండా తెరిచి ఉంచుతారు, లోపల చీము బిగుసుకోకుండా. కుట్లు వెయ్యలేదని కంగారు పడకండి.

ఇంకో మాట. వచ్చే రెండు మూడు వారాల్లో ఇంట్లో ఎవరికైనా జ్వరం, తలనొప్పి, పొడి దగ్గు వస్తే డాక్టరుకి "మా ఇంట్లో చిలక ఉంది" అని తప్పకుండా చెప్పండి. చిలకల నుంచి మనుషులకు సిటకోసిస్ అనే జబ్బు రావచ్చు. అది ఎక్కువగా కాటు వల్ల కాదు, ఎండిన రెట్ట దుమ్ము పీల్చడం వల్ల వస్తుంది. మందు ఉంది. కానీ చిలక సంగతి చెప్పకపోతే డాక్టరుకి ఆ ఆలోచన రాకపోవచ్చు.

మళ్ళీ ఎప్పుడైనా కాటు పడితే ముందు ఉంగరాలు తీసెయ్యండి, వేలు వాచాక రావు. శుభ్రమైన గుడ్డతో పది పదిహేను నిమిషాలు గట్టిగా నొక్కి పట్టండి, మధ్యలో ఎత్తి చూడకండి. రక్తం ఆగాక సబ్బు పెట్టి పారే నీళ్ళ కింద ఐదు నిమిషాలకు పైగా కడగండి. పసుపు, కాఫీ పొడి, సున్నం అద్దకండి. మా అమ్మ నా మొదటి కాటుకి కాఫీ పొడి అద్దింది. మర్నాడు డాక్టరు ఆ పొడి గాయంలోంచి ఏరి తీస్తుంటే పడిన బాధ కాటు కంటే ఎక్కువ.

ఇక పక్షి సంగతి.

మనం చిన్నప్పుడు చిలక్కొట్టిన జామపండు తియ్యగా ఉంటుందని ఏరుకుని తిన్నవాళ్ళం. చిలక ముక్కంటే మన మనసులో ఉండేది ఆ చిన్న గాటే. మకావ్ ముక్కు అలాంటిది కాదు. అక్రోటు కాయని పెంకుతో సహా ఇవ్వండి, నాలుకతో తిప్పి గీత ఉన్న చోటు చూసుకుని నొక్కుతుంది, టప్ మంటుంది. మన వేలు దానికి ఏపాటి! అయినా అది రోజుకి వందసార్లు మన వేళ్ళని ముక్కుతో పట్టుకుని ఒక్క గీత కూడా పడనివ్వదు. ముక్కు దానికి మూడో కాలు, చెయ్యి కూడా. చేతి మీదికి ఎక్కేముందు ముక్కుతో పట్టుకుని చూస్తుంది, ఈ కొమ్మ గట్టిదేనా అని. చాలామంది దాన్నే కాటు అనుకుని చెయ్యి వెనక్కి లాగేస్తారు. అలా రెండుసార్లు జరిగితే మూడోసారి అది కొమ్మ జారిపోకుండా గట్టిగానే పట్టుకుంటుంది.

అంత అదుపు ఉన్న పక్షి ఎముక దాకా దించిందంటే ఏదో గట్టిగా చెప్పాలనుకుంది. అడవిలో మకావ్‌కి నచ్చనిది ఎదురైతే ఎగిరిపోతుంది, కొట్లాట దాకా రాదు. మీ పక్షికి రెక్కలు కత్తిరించి ఉన్నాయి కాబట్టి పోవడానికి దారి లేదు. అందుకని ముందు ఒంటిని వెనక్కి వంచుతుంది. మెడ ఈకలు నిక్కబొడుచుకుంటాయి. కంటిపాప చుక్కంత అయిపోయి, మళ్ళీ విప్పారి, మళ్ళీ చుక్కంత అవుతుంది. ముఖం మీద ఈకలు లేని తెల్లటి చర్మం గులాబీ రంగుకి తిరుగుతుంది. ముక్కు కొద్దిగా తెరుచుకుంటుంది. ఇవన్నీ రెండు మూడు సెకన్లలో అయిపోవచ్చు. మనం చూడం, చూసినా "ఏయ్, రా" అని చెయ్యి ఇంకా ముందుకు పెడతాం. ఆఖరికి కరుస్తుంది. కరవగానే చెయ్యి వెళ్ళిపోతుంది. మెల్లగా చెప్తే వీళ్ళకి వినపడదు, గట్టిగా కరిస్తేనే వెళ్తారని దానికి అర్థమవుతుంది. తర్వాతిసారి ముందు సైగలన్నీ మానేసి నేరుగా కాటుకే వస్తుంది. "కారణం లేకుండా కరిచింది" అని నాతో చెప్పినవాళ్ళలో చాలామంది ఇళ్ళలో జరిగింది ఇదే.

మీరు రాసినదాంట్లోనే నాకు కారణం కనిపిస్తోంది. సోఫా కింద చీకటిగా, ఇరుకుగా ఉంటుంది. మీ మకావ్‌కి ఐదేళ్లు, అంటే ఈడుకొచ్చే వయసు. ఆ వయసు పక్షికి సోఫా కింద చోటు ఆటస్థలంలా కనిపించదు, గూడులా కనిపిస్తుంది. దిండు చివర కొరుకుతోందని, మీవారు వీపు నిమిరితే రెక్కలు దించి వణుకుతూ కూర్చుంటోందని కూడా రాశారు. మనకి ముద్దుగా అనిపిస్తుంది. కానీ చిలకకి వీపు, రెక్కల కింద, తోక దగ్గర నిమరడమంటే జతగాడి స్పర్శ. అది మీవారిని జత అనుకుంటోంది, సోఫా కిందని గూడు అనుకుంటోంది, ఆ గూట్లోకి మీ చెయ్యి వచ్చింది. దాని లెక్కలో అది గూడు కాపాడుకుంది.

మీరు తప్పు చేశారా అంటే, తెలియక అందరం చేసే పనే చేశారు. సిరంజి పట్టి పెంచిన చెయ్యినే కరిచిందన్న బాధ మీ ప్రశ్నలో ప్రతి వాక్యంలో ఉంది. ఆ బాధ నాకు తెలుసు. అది మిమ్మల్ని మర్చిపోలేదు, ద్వేషించడమూ లేదు. ఆ నిమిషంలో అది చూసింది గూట్లోకి వచ్చిన చెయ్యిని.

ఈ వారంలోనే మార్చాల్సినవి. సోఫా కింద, బీరువా వెనక, అట్టపెట్టెలు, దుప్పట్ల కింద దూరే దారులన్నీ మూసెయ్యండి. మీవారు తల, మెడ తప్ప ఇంకెక్కడా నిమరకూడదు. ఇది ఆయనకి కష్టంగా ఉంటుంది, పక్షి ఆయనతో ప్రేమగా ఉంటోంది కాబట్టి. అయినా ముందు మారాల్సింది ఆయనే. రాత్రి పది పన్నెండు గంటలపాటు చీకటి, నిశ్శబ్దం ఉండాలి. టీవీ ఉన్న హాల్లో పదకొండింటిదాకా మెలకువగా ఉండే పక్షికి ఈ కాలంలో చిరాకు మరీ ఎక్కువ. వేడివేడిగా మెత్తటి అన్నం, ఉడకబెట్టినవి కొన్నాళ్లు తగ్గించండి, మెత్తటి వెచ్చటి తిండి గూడు కట్టే కాలాన్ని గుర్తు చేస్తుంది. కొరకడానికి చెక్క ముక్కలు, కొబ్బరి డొక్కలు పంజరంలో పెట్టండి, నేల మీద వద్దు.

డాక్టరుకి చూపించడం మాత్రం వాయిదా వెయ్యకండి. పక్షుల గురించి తెలిసిన వెటర్నరీ డాక్టరు అయ్యుండాలి. ఎందుకంటే అకస్మాత్తుగా కరవడం మొదలైతే దాని వెనక నొప్పి ఉండొచ్చు. నా గ్రేలలో ఒకటి మూడు వారాలపాటు "ఎక్కు" అంటే చాలు కరిచేది. దానికి పొగరెక్కిందనుకుని నేను రోజూ ఇంకా పట్టుబట్టి ఎక్కించుకునేవాణ్ణి. ఒకరోజు అది గ్రిల్లు పట్టుకుని వేలాడుతుంటే కింద నుంచి చూశాను. కుడి పాదం అడుగున కందిగింజంత ఎర్రటి పుండు. ప్లాస్టిక్ కర్ర మీదే రోజంతా నిలబడి నిలబడి పాదం కందిపోయింది. నేను ఎక్కు అన్నప్పుడల్లా ఆ పుండు మీద బరువంతా వెయ్యమని అడుగుతున్నాను. ఆ మూడు వారాలు తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. కర్ర మార్చి జామకొమ్మలు పెట్టి, వైద్యం చేయించాక కాట్లు ఆగిపోయాయి.

పెద్ద చిలకలన్నీ ఒకేలా చెప్పవు. మకావ్ సంగతి చెప్పాను. అమెజాన్ చిలక అయితే తోక విసనకర్రలా విప్పుతుంది, అలాంటప్పుడు ఎవరూ దగ్గరికి పోకూడదు. కాకాటూ మాత్రం నన్ను చాలాసార్లు తికమక పెట్టింది, దాని తలపింఛం సంతోషానికీ లేస్తుంది, కోపానికీ లేస్తుంది. గ్రే బిగుసుకుపోతుంది, కదలకుండా చూస్తుంది, అంతే.

ఇంకో రకం కాటుంది. అత్త మీద కోపం దుత్త మీద అన్నట్టు. నా రెండో పెద్ద కాటు అదే. సంక్రాంతికి చుట్టాలొచ్చారు, మా మకావ్ నా ఎడమ చేతి మీద ఉంది. ఎర్ర టోపీ పెట్టుకున్న కుర్రాడు గాలిపటం పట్టుకుని గుమ్మంలోంచి లోపలికొచ్చాడు. దాని కళ్ళు వాడి మీదే ఉన్నాయి, కరిచింది మాత్రం నా చూపుడువేలు. కింది ముక్కు అంచు వేలి కణుపులోకి దిగుతుంటే మొదట నొప్పి తెలియలేదు. నా వేలి మీద దాని నాలుక ఆనడం మాత్రం తెలిసింది, పొడిగా, గట్టిగా, చెప్పు తోలులా. తర్వాత నొప్పి వచ్చింది. అది నా మీద కోపం కాదు, దాని భయానికి నా వేలు దొరికిందంతే. దీపావళి రాత్రి టపాసులప్పుడూ ఇలాగే అవుతుంది. ఆ సమయంలో పక్షి పంజరంలో, తలుపేసిన గదిలో ఉండాలి, చేతి మీద కాదు.

భుజం మీద కూర్చోబెట్టుకోవడం ఈ వయసులో పూర్తిగా మానెయ్యండి. భుజం మీదున్నప్పుడు దాని కళ్ళు మీకు కనపడవు, మీ పెదవి, చెవి, కన్ను దాని ముక్కుకి నాలుగంగుళాల దూరంలో ఉంటాయి. కాకాటూ భుజం మీద ఉండగా ఫోన్ మాట్లాడుతూ తల తిప్పిన ఒకావిడకి పై పెదవి రెండుగా చీలింది. నేను అప్పుడు ఆ గదిలోనే ఉన్నాను.

వేలు పట్టుకుని వదలకపోతే లాగకండి. లాగితే చర్మం చీరుకుపోతుంది, అదీ ఇంకా బిగిస్తుంది. చేతిని కొంచెం దాని వైపే నెట్టి, కిందికి దించి టేబుల్‌కో నేలకో ఆనించండి. కాళ్ళకి గట్టి చోటు దొరికితే చాలాసార్లు ముక్కు వదులవుతుంది. పక్కన ఎవరైనా ఉంటే దాని ముందు దిండో తువ్వాలో అడ్డం పెట్టమనండి. వదిలాక మాట్లాడకుండా పక్కకి వెళ్ళిపోండి. ముక్కు మీద కొట్టడం, విదిలించడం, నీళ్ళు చల్లడం, తిండి పెట్టకుండా ఉంచడం, పంజరం మీద గుడ్డ కప్పేసి శిక్షించడం, ఇవన్నీ నేను ఇళ్ళలో చూశాను. ఏదీ కాటు తగ్గించలేదు. విదిలిస్తే రెక్కలు కత్తిరించిన మకావ్ రాయిలా పడుతుంది, రొమ్ము ఎముక పగలొచ్చు. కొడితే చెయ్యంటేనే దానికి భయం పట్టుకుంటుంది, ఇక చెయ్యి కనపడితే కాటే.

ఇప్పుడు మీ భయం. ధైర్యం తెచ్చుకుని చెయ్యి పెట్టమని ఎవరైనా అంటే వినకండి. వణికే చెయ్యి పక్షికి ఊగే కొమ్మ. పట్టుకోవడానికి ముక్కే ముందు వస్తుంది, మీరు ఉలిక్కిపడతారు, మళ్ళీ అదే జరుగుతుంది. తోలు గ్లవ్స్ కూడా వద్దు. చాలా పక్షులకి వాటిని చూస్తేనే భయం, పైగా గ్లవ్స్ ఉన్నాయన్న ధైర్యంతో మీరు దాని సైగలు చూడటం మానేస్తారు.

మొదటి వారం ఏమీ అడగకండి. పంజరం పక్కగా వెళ్ళినప్పుడల్లా దానికి ఇష్టమైన గింజ ఒకటి గిన్నెలో వేసి వెళ్ళిపోండి, ఆగకండి. అక్రోటు ముక్క, బాదం, పొద్దుతిరుగుడు గింజ ఏదైనా సరే, కానీ అది మిగతా రోజంతా ఇంకెవరి చేతిలోంచీ రాకూడదు, మీవారి చేతిలోంచి కూడా. రెండు మూడు రోజుల్లో మీరు వస్తుంటే అది ముందుకి జరగడం మొదలెడుతుంది.

తర్వాత మూరెడు వెదురు పుల్ల తీసుకోండి. కమ్మీల బయటి నుంచి దాని ముక్కుకి జానెడు దూరంలో పుల్ల చివర చూపించండి. అది ముక్కుతో తాకగానే "భేష్" అనండి, వెంటనే గింజ. పొద్దున ఐదు నిమిషాలు, సాయంత్రం ఐదు నిమిషాలు, అంతకు మించి వద్దు. పుల్ల ఎటు పెడితే అటు నడిచి వచ్చేదాకా కమ్మీలు దాటకండి. ఇందులో మీకు జరిగే మేలు పక్షికి జరిగేదానికంటే ఎక్కువని నా నమ్మకం. కమ్మీల ఇవతల నుంచి, ఏ ప్రమాదం లేకుండా, దాని కళ్ళు, మెడ ఈకలు రోజూ దగ్గరగా చూస్తారు. ఎప్పుడు ఇష్టంగా ఉందో, ఎప్పుడు లేదో మీకు తెలిసిపోవడం మొదలవుతుంది. చెయ్యి వణుకు తగ్గేది అప్పుడే.

ఆ తర్వాత చేతి బదులు జామకొమ్మ. మణికట్టంత లావు, మూరన్నర పొడవు. పుల్ల చూపించి కొమ్మ మీదికి, కొమ్మ మీంచి స్టాండ్ మీదికి, స్టాండ్ మీంచి పంజరంలోకి. పంజరంలోకి వెళ్ళినప్పుడు అన్నిటికంటే పెద్ద బహుమానం ఇవ్వండి, ఇప్పటిదాకా దానికి పంజరమంటే ఆట ఆగిపోవడమే కదా. అది వద్దని వెనక్కి వంగితే కొమ్మ తీసేసి నిమిషం ఆగి మళ్ళీ అడగండి. వద్దన్నప్పుడు మీరు ఆగుతారని తెలిస్తే దానికి కరవాల్సిన పని ఉండదు. కొంతమంది ఎన్నేళ్లయినా కొమ్మతోనే ఎక్కించుకుంటారు. నా దృష్టిలో అదేమీ లోటు కాదు. మీ చెయ్యి మళ్ళీ ఇస్తారా లేదా అన్నది మీ ఇష్టం.

రెక్కలు మళ్ళీ కత్తిరించకండి, పెరగనివ్వండి. కానీ ఈకలు పూర్తిగా వచ్చేలోపు కిటికీలకి మెష్, ఫ్యాన్ ఆపే అలవాటు రెండూ ఇంట్లో రావాలి.

బాబు సంగతి కచ్చితంగా చెప్తాను. పక్షి బయట ఉన్నంతసేపు బాబు ఆ గదిలో ఉండకూడదు, కమ్మీల్లోంచి వేలు పెట్టకూడదు. దీనికి మినహాయింపు లేదు. మీ ఇంట్లో ఇది సాధ్యం కాదనిపిస్తే, మీ అత్తగారి మాటని కొట్టిపారేయలేం. అనుభవం ఉన్న ఇంటికి పంపడం కొన్ని కుటుంబాలకి సరైన పనే, నేనే అలా రెండు పక్షుల్ని మంచి ఇళ్ళకి చేర్చాను. మకావ్ యాభై ఏళ్లు దాటి బతకగలదు, ఇల్లు మారితే మొదటి ఏడాది దానికి చాలా కష్టం, అందుకే తొందరపడొద్దంటున్నాను. ఇవ్వాల్సే వస్తే దాని కాటు సంగతి దాచకుండా చెప్పి ఇవ్వండి. 2024లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం మకావ్ లాంటి విదేశీ పక్షుల వివరాలు కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చెయ్యాలి, వేరేవాళ్ళకి ఇస్తే ఆ సంగతీ తెలపాలి. బయట ఎగరేసి వదిలెయ్యడం మాత్రం కలలో కూడా అనుకోకండి, తిండి వెతుక్కోవడం దానికి రాదు.

ముందు వేలు చూపించుకుని రండి. తర్వాత వీలు చూసుకుని మూడు సంగతులు రాయండి: అది రాత్రి ఎన్నింటికి నిద్రపోతోంది, పాదాల అడుగున ఏమైనా కందిపోయి ఉందా, పంజరంలో ఉన్నప్పుడు మీరు దగ్గరికి వెళ్తే ముందుకొస్తోందా వెనక్కి జరుగుతోందా. మీవారిని ఫోన్‌లో ఒక నిమిషం వీడియో తియ్యమనండి, మీరు గిన్నెలో గింజ వేస్తున్నప్పుడు. దాని కళ్ళు, మెడ కనపడేలా తీస్తే చాలు.